ఐలన్న ఇరుకు మైదానం

చరిత్రలో ఏలికలందరూ రాజ్యం పెంచుకోవడానికే యుద్ధాలు చేశారు. తన రాజ్యాన్ని తానే సాయంత్రానికోసారి కుదించుకున్న ఏలిక మా బీరంగూడలో ఒక్క ఐలన్న.

ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరై, కాలనీ ఖాళీ జాగాలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. ఇసుక నింపిన నీళ్ళ సీసాలే సరిహద్దులు. జట్టుకు నలుగురే. ఆట నడుస్తుండగా పోయి ఓ సీసాను కాలితో లోపలికి నెట్టేవాడు. మైదానంగా మొదలైంది చీకటిపడేసరికి వరండా అయ్యేది.

“ఇంత ఇరుకైతే ఎట్లా ఐలన్నా?” అని అడిగాను.

“ఇరుకులనే ఇగురం వస్తది సార్.”

మా ఆవిడ కమలాకుమారిది భీమవరం. “బంతాట నేర్పమంటే ఇగురు వండుతానంటాడేమిటండీ?” అంది. ఇగురం అంటే ఇక్కడ ఒడుపు, తెలివి అని నచ్చజెప్పేసరికి రొయ్యలు గుర్తొచ్చి నాకే ఆకలేసింది.

అసలు దిగులు వేరే. ఆదివారం సంగారెడ్డిలో జిల్లా జట్టు ఎంపిక. పెద్ద మైదానం, పదకొండుమంది ఆట. ఐలన్న దగ్గరే ఆడే మా అమ్మాయి, ఏడో తరగతి చదివే శ్రీదివ్య, పేరు పిలిస్తేనే తల దించుకునే పిల్ల, ఆ జట్టు మీద ఆశతో నిద్రలో కూడా కాళ్ళాడిస్తోంది.

“నలుగురిలో ఆడిన పిల్ల అంతమందిలో తప్పిపోతుందండీ! ఒక్కరోజైనా పెద్ద గ్రౌండులో ఆడించమనండి,” అని కమల నన్ను తరిమింది.

వెళ్ళి బతిమాలాను. “పరేషాన్ గాకుండ్రి సార్,” అంటూ ఐలన్న మరో సీసా లోపలికి జరిపాడు.

ఆదివారం ఆ మైదానంలో అవతలి గోలు నాకే ఆనలేదు. ఎంతసేపటికీ మా పిల్లకు బంతి రాదు. కమల గోళ్ళు నా చేతిలో దిగాయి. తీరా వచ్చేసరికి ముగ్గురు చుట్టుముట్టారు.

“అయిపోయింది!” అని కమల కళ్ళు మూసుకుంది.

శ్రీదివ్య గిరుక్కున తిరిగి, ఇద్దరి నడుమనుంచి బంతిని తోసి, “రవళీ, నీకే!” అని తోటి పిల్లకు అరిచింది. ఆ గొంతు మా ఇంట్లో ఎన్నడూ వినలేదు.

ఆట అయ్యాక, మాతో వచ్చిన ఐలన్న నన్ను పక్కకు పిలిచాడు. “మొదటిరోజు మీ బిడ్డ గీత మీదనే నిలవడ్డది సార్. పిలిస్తే ఇంకింత ఎనకకు వోయింది. పోరగాండ్లు నవ్విండ్రు. ఇగ పిలుసుడు బంద్ వెట్టిన. ఆమె ఎనకకు వోయినప్పుడల్ల సీసా ముంగటికి జరిపిన. గీతతోపాటే జరుక్కుంట ఆఖరికి నడుమిట్లకు వచ్చింది.”

“మరి మాకు చెప్పలేదేం?”

“మీకు జెప్తే ఆమె చెవుల వడ్తది గద!”

సాయంత్రం పేర్లు చదువుతుంటే కమల తెలిసిన దేవుళ్ళందరినీ ముగించి, తెలియని దేవుళ్ళను మొదలుపెట్టింది. మా శ్రీదివ్య జిల్లా జట్టుకు ఎంపికైంది.

అదనపు ఆటగత్తెల్లో, చివరి పేరు.