అవ్వకు తెలిసిన ప్రోటీన్

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. ఆమె సిద్దిపేటలో ఇరవై ఏళ్లు అంగన్‌వాడీ ఆయాగా పనిచేసింది. గర్భిణులకు గుడ్లు ఉడకబెట్టి, పప్పు వడ్డించి, "తినుండ్రి, ప్రోటీన్ ఉంటది" అని రోజూ చెప్పేది. ల్యాబ్ టెక్నీషియన్‌నైన నాకంటే ముందే ఆ మాట ఆమెకు తెలుసు. ఆ సంగతే నేను మరిచిపోయాను.

నిరుడు మా నాన్న, బాపు, ముద్ద మింగితే ఛాతీలో పట్టేస్తోందన్నాడు. మగ్గం మీద కూర్చుని రోజంతా పొగలు కక్కే చాయ్ తాగే మనిషి. చల్లారితే అది చాయే కాదంటాడు. హైదరాబాద్ తీసుకెళ్తే, గొట్టం వేసి చూసి, అన్నవాహికలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది ఇంకా క్యాన్సర్ కాలేదు గానీ ఆ దారిన పడ్డదని తేలింది. కణాలను అదుపులో ఉంచాల్సిన పి53 అనే ప్రోటీన్ చెడిపోయి అక్కడ పేరుకుపోయింది. రంగు వేసిన స్లైడు మీద గోధుమ రంగులో కనిపించింది. డాక్టరు గొట్టంతోనే చెడిన ఆ భాగాన్ని తీసేసి, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. బరువు తగ్గకుండా చూసుకోమని నాతో ప్రత్యేకంగా చెప్పారు.

ఇంటికి రాగానే అవ్వ "ఏమన్నరు బిడ్డా?" అని అడిగింది. క్యాన్సర్ అన్న మాట నా నోటికి రాలేదు.

"అన్నం దిగే గొట్టంల ఒక ప్రోటీన్ ఎక్కువైందట అవ్వా. గా జాగ తీసేసిన్రు. మల్ల పెరగకుండ చూసుకోవాలె" అన్నాను. ఎంతో తెలివిగా చెప్పాననుకున్నాను.

రెండు నెలలకు బాపు చొక్కా వదులైంది. ల్యాబ్‌లో తూకం మీద నిలబెడితే నాలుగు కిలోలు తగ్గాడు. జబ్బు తిరగబడిందనుకుని హడలిపోయాను. ఎవరికీ చెప్పుకోలేక, ఇంట్లో అయినదానికీ కానిదానికీ కసురుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం తినడానికి కూర్చున్నాం. నా కంచంలో గుడ్డు కూర ఉంది. బాపు కంచంలో వట్టి పచ్చిపులుసు అన్నం.

"బాపుకు గుడ్డేది?"

"ఎట్ల పెడత? ప్రోటీన్ ఎక్కువైందంటివి గద. పప్పు సుత బంద్ పెట్టిన" అంది అవ్వ.

బాపు తల ఎత్తలేదు. "అడిగితే, నీ కొడుకే చెప్పిండని నా నోరు మూపిచ్చింది" అన్నాడు.

నవ్వొచ్చింది, సిగ్గుతో తల తీసేసినట్టూ అయింది. అప్పుడు క్యాన్సర్ మాటతో సహా అంతా చెప్పాను. అది తిండితో వచ్చే ప్రోటీన్ కాదని, కణమే తయారు చేసుకునేదని చెప్పాను.

"గా మాట అప్పుడే చెప్తే నేను సచ్చిపోదునా?" అని అవ్వ నా కంచంలోని గుడ్డు తీసి బాపు కంచంలో వేసింది. ఆ రోజు నుంచి బాపుకు రెండు గుడ్లు, నాకు సున్నా. ఇది నాకు శిక్ష అని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

మూడో నెల పరీక్షకు వెళ్లేసరికి బాపు రెండు కిలోలు పెరిగాడు. కొత్త ముక్కలో గోధుమ రంగు లేదు. ఇకముందూ చూపించుకుంటూ ఉండాలి గానీ, ప్రస్తుతానికి భయం లేదన్నారు డాక్టరు. గజ్వేల్ దాటేదాకా బాపు బస్సులో హాయిగా గురకపెట్టాడు.

అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"క్యాన్సర్ లేదవ్వా" అన్నాను. ఈసారి మాట తడబడలేదు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. వెనకాలే వెళ్లి చూస్తే గిన్నెలో మూడు గుడ్లు వేస్తోంది.

"ఇగ నీ గుడ్డు నువ్వు తిను" అంది.