సినిమాలో లేని మాటలు

మా అక్క భర్త మాకు సొంత మేనమామ కొడుకు. అక్కకి ఎంత బావో నాకూ అంతే బావ. పెద్దపిల్ల ఇంట్లో ఉండగా చిన్నపిల్లకి సంబంధం చూడరు కాబట్టి ఆయన అక్క మొగుడయ్యాడు. నేను రెండేళ్ళు ముందు పుట్టి ఉంటే ఎలా ఉండేదో అని ఈ పదకొండేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పడానికి సిగ్గేస్తుంది. అక్కని చూస్తే నాకు కుళ్ళు. అసూయ, ఈర్ష్య అని రాస్తే కాస్త మర్యాదగా ఉంటుంది గానీ నాది అచ్చమైన కుళ్ళే. ఆయన చొక్కాకి అక్క గుండీ కుడుతుంటే చూడలేను. ఆయన్ని విసుక్కుంటే అసలే చూడలేను. విసుక్కునేంత చనువు ఆమెకి ఉంది కదా!

వాళ్ళ పెళ్ళిలో నన్నే తోడపెళ్ళికూతుర్ని చేశారు. పెళ్ళికూతురికి తోడుగా పెళ్ళికాని చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టడం మామూలే. అక్క పీట పక్కనే నాకూ పీట వేసి, అదే గిన్నెలోని పసుపు నాకూ రాశారు. ఒక ముసలావిడ నా బుగ్గ గిల్లి, "ఇద్దర్నీ కట్టీసుకోరా అబ్బీ, ఒకే పందిట్లో అయిపోతాది" అంది. పందిరంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ పసుపు రెండు రోజులు మొహం మీద నుంచి పోనివ్వలేదని మాత్రం ఎవరికీ తెలియదు.

మా వైపు బావామరదళ్ళు ఎంత వేళాకోళమాడినా ఎవరూ తప్పు పట్టరు. బావకి బుచ్చయ్యపేటలో చెరకు పొలం, బెల్లం గానుగ ఉన్నాయి, కాపురం మాత్రం అనకాపల్లిలోనే. గానుగాట రోజుల్లో వేడి బెల్లం ఆకులో చుట్టి తెచ్చి, ముందు నా చేతిలో పెట్టి, "తొందరపడిపోనానే. రెండేళ్ళాగుంటే సిన్నదాన్నే సేసుకుందును" అనేవాడు. "ఇప్పుడేటి మించిపోయింది బావా, పద" అనేదాన్ని. అమ్మ నవ్వేది, అక్క నవ్వేది. అందరూ వేళాకోళమాడే చోట నేనొక్కదాన్నే నిజం చెప్పేదాన్ని, అయినా ఎవరికీ పట్టేది కాదు.

నాకు వచ్చిన సంబంధాలన్నీ వంకలు పెట్టి తిప్పికొట్టాను. ఒకతను పొట్టి అన్నాను, ఇంకొకతను మరీ పొడుగన్నాను. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, అమ్మతో ఉంటూ, ప్రతి ఆదివారం అమ్మని తీసుకుని అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్ళేదాన్ని. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఒక్క పూట కోసమే గడిపేదాన్ని. ఆ పూట కూడా పోతే నాకు మిగిలేది ఏమీ లేదు.

భోజనాలయ్యాక వాళ్ళ పెద్ద టీవీలో ఇంగ్లీషు సినిమా పెట్టడం మాకు అలవాటు. మాటలు వాళ్ళకి అందవు. నేను టీవీకి దగ్గరగా కూర్చుని, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ తెలుగులో చెబుతూ పోవాలి. మొసళ్ళ సినిమాలూ, రాక్షసబల్లుల సినిమాలూ అలాగే చూశారు. వాటిలో చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, అందరూ అరుస్తూ పరిగెడతారు.

ఈమధ్య ఒక బ్రిటిష్ సినిమా నా కంటబడింది. ఒక డాక్టరు, అతని భార్య, వాళ్ళ ఇంట్లోనే ఉండే ఆమె చెల్లెలు. ఆ చెల్లెలికి బావంటే పిచ్చి, కొన్నాళ్ళకి అతనికీ ఆ పిచ్చి పట్టుకుంటుంది. ఫోనులో మూడుసార్లు ఒక్కదాన్నే చూశాను. నాలుగోసారి మా బావ ఉండగా చూడాలనిపించింది. అసలైన చోట వెనక్కి తిరిగి ఆయన మొహం చూడాలి, అందులో ఏదైనా కదులుతుందేమో తెలుసుకోవాలి. బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పని కాదని తెలుసు. అయినా పెట్టాను.

ఆ వేళ పూడిమడక నుంచి వచ్చే చేపలావిడ దగ్గర అక్క వంజరం తీసుకుని పులుసు పెట్టింది. బావ మూడుసార్లు కలుపుకుని తిని సోఫాలో కూలబడ్డాడు. అమ్మ చాప మీద ఒరిగింది. అక్క చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది. వాళ్ళ ముగ్గురికీ వీపు పెట్టి నేను కథ మొదలుపెట్టాను.

అరగంటకి అమ్మకి విసుగొచ్చింది. "ఈళ్ళకేటి ఇంత ఏడుపు? మరదలే గదా, పరాయిదేటి?"

"ఆళ్ళల్లో అది తప్పమ్మా" అన్నాను.

"ఏటి తప్పు? మా రోజుల్లో పెద్దదానికి పిల్లల్లేపోతే సిన్నదాన్ని కూడా ఇచ్చీసీవోరు."

"ఇచ్చీసీవోరు. పెద్దదాన్ని ఎవలడిగేరు?" అంది అక్క.

"నాకు ఒక్కదాంతోనే సరిపోతన్నాది అత్తా, నన్నొగ్గీ" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'ఒక్కదాంతో' అన్నప్పుడు ఆయన గొంతులో విసుగు లేదు, హాయిగా ఉన్నవాడి గొంతులా ఉంది. ఆ ఒక్క మాటకి నేను రాత్రంతా ఏడవగలను.

సినిమాలో చివరికి చెల్లెలు వంటగదిలో అక్కకి ఎదురుగా నిలబడి బయటపడిపోతుంది. నేను ఎదురుచూసిన చోటు అదే. అక్షరాలు చూసి చెప్పడం మొదలుపెట్టాను. "'నీకు తెలీదని కాదు. తెలిసీ ఊరుకున్నావు' అంటంది. 'నేను నీ దగ్గర ఏటీ తీసుకోలేదు' అంటంది." ఆ తర్వాత అక్షరాలు చూడటం మానేశాను, అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. "'నువ్వు నాకన్నా ముందు పుట్టేవు. నువ్వు సేసిన గొప్ప అదొక్కటే. ఆయన దగ్గితే నాకు తెలుత్తాది ఏ జొరమో, నీకు తెలీదు. నన్ను నీ పక్కన పీట మీద కూకోబెట్టి, నీ గిన్నిలో పసుపే నాకూ రాసేరు. రాసి, నిన్ను పంపేరు. నన్ను మొకం కడుక్కోమన్నారు.'"

"ఇంగ్లీషోళ్ళకి పసుపెక్కడిదే?" అంది అక్క.

తెర మీద వంటగదీ లేదు, చెల్లెలూ లేదు. డాక్టరు ఒక్కడే వానలో కారు నడుపుకుంటూ పోతున్నాడు. ఎంతసేపటి నుంచి నడుపుతున్నాడో నాకు తెలియదు.

వెనక్కి తిరిగాను. బావ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అమ్మా నిద్రపోయింది. పదకొండేళ్ళు దాచిన మాటలు పైకి వచ్చేస్తే, విన్నది అక్క ఒక్కతే. ఈనె తీయడం ఆపి నన్నే చూస్తోంది. ఆ క్షణంలో కూడా నా ఏడుపు ఆయన వినలేదనే.

అక్క చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే వెళ్ళాను.

"ఎప్పట్నించి తెలుసప్పా?" అన్నాను. చిన్నప్పటి నుంచీ నేను ఆమెని అప్పా అనే పిలుస్తాను.

"పెళ్ళిపీటల మీద. ఆ ముసిల్ది అన్న మాటకి అందరూ నవ్వినప్పుడు నీ మొకం సూసేను."

"మరి నన్నేటీ అన్లేదే?"

"ఏటంటాను? మరదలు బావతో ఏళాకోళమాడతందని ఎవలికి సెప్పుకుంటాను? ఇన్నోళ్ళు నవ్వుతారు."

తప్పయిపోయిందని అనొచ్చు. నాకా మాట రాలేదు. "ఆదివారాలు రావొద్దా?" అని అడిగాను.

"రా. రాపోతే అమ్మ ఎందుకని అడుగుతాది, ఏటి సెప్పను?" అక్క కుళాయి తిప్పి కాయలు కడుగుతూ, నావైపు చూడకుండానే అంది. "పెళ్ళయ్యాక నేను ఒక్క రాత్తిరైనా అమ్మ దగ్గర పడుకున్నానేటే? మొన్న నాకు ఆపరేసనైనప్పుడు అమ్మ రమ్మని ఎంత బతిమాలింది. వత్తే, 'మీ బావకి వండిపెట్టి రాయే' అని నిన్నే ఈ ఇంటికి పంపుతాది. అందుకే రాలేదు. కుట్లు ఇప్పకముందే లేచి నేనే వండేను."

ఆ రోజులు నాకు గుర్తున్నాయి. మొగుణ్ణి విడిచి నాలుగు రోజులు ఉండలేకపోతోందని నేను కుళ్ళి చచ్చాను. ఆమె గోడ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది, నాకు భయపడి.

ఇక్కడ నిజం రాయాలి. అక్క ఆ మాట అనగానే జాలి కలగలేదు. సంతోషం కలిగింది. అక్కంతటి మనిషి కాపలా కాయాల్సినంత ఏదో నాలో ఉందన్నమాట అని. అమ్మని ఆటోలో ఎక్కించుకుని ఇంటికి వస్తున్నంతసేపూ ఆ సంతోషం తగ్గలేదు. రాత్రి మొహం కడుక్కుంటుంటే అద్దంలో అది ఇంకా ఉంది. సిగ్గు అప్పుడు వచ్చింది.

మళ్ళీ ఆదివారం అమ్మని ఒక్కదాన్నే పంపాను.