మొలకజొన్న అంబలి

జొన్నరొట్టె ముక్కను మింగకుండా దవడన పెట్టుకుని, అది తియ్యగా అయ్యే దాకా నమలడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. పట్నంలో చదువుకునే చిన్నాయన మరిచిపోయి వెళ్లిన పుస్తకంలో దాని కారణం దొరికింది. ఉమ్మిలో ఎంజైము అనేదొకటి ఉంటుందట. పిండిని తుంచి చక్కెర చేస్తుంది, తాను మాత్రం తరగదు. మొలకెత్తిన గింజలోనూ అలాంటిదే ఉంటుంది. మరిగిస్తే చచ్చిపోతుంది.

ఆ యేడు కోతల కాలంలో మా అవ్వ జ్వరంతో మంచాన పడింది. చిక్కటి అంబలి ఆమె గొంతు దిగదు, నీళ్లు పోసి పలుచన చేస్తే బలం రాదు. చేతులు పుల్లలైపోయాయి.

మొలకపిండి కలిపితే నీళ్లు పోయకుండానే అంబలి పలుచబడుతుందని, నేను జొన్నలు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించాను. ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగేసి, తిరగలిలో పిండి విసిరాను. అమ్మ ఆ పిండిని మరిగే ఎసట్లో పోయబోయింది.

"చల్లారినంక కలుపుదామమ్మా," అన్నాను మెల్లగా.

"పచ్చిపిండి కడుపుల పడితె మీ అవ్వ తట్టుకుంటదా? అన్నీ మంచిగ మరగబెట్టుమన్నడు మందిచ్చిన మోత్కూరు హకీం సాబు. ఆయనకంటె నీకు ఎక్కువ ఎర్కనా?"

పుస్తకం తెచ్చి చూపించాను. చదువు రాని అమ్మ దాన్ని ఒకసారి తిప్పి చూసి నా చేతిలోనే పెట్టింది. పిండిని మరిగే ఎసట్లోనే పోసింది. అంబలి బంకలా గట్టిపడింది.

"గిది తాగేదా, గోడకు పూసేదా?" అని అవ్వ నవ్వబోయి దగ్గింది.

అమ్మ కోతకు పోయిన పూట నేనే అంబలి కాచాను. వేలు పెట్టగలిగేంత చల్లారాక మొలకపిండి కలిపాను. గరిటెకు అంటుకుని వేలాడేది కాసేపటికి ధారగా జారింది. అవ్వ సగం గిన్నె తాగింది. నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. ఇంతలో తాగిందంతా కక్కేసింది.

కడుపులో, పేగుల్లో కూడా ఎంజైములుంటాయని, దేని పని దానిదేనని అదే పుస్తకంలో చదివాను. అవ్వ లోపల ఏది ఆగిపోయిందో నాకు తెలియదు. ఏ గింజ మొలకెత్తించి పోస్తే అది మళ్లీ కదులుతుందో ఆ పుస్తకంలో లేదు.

పొద్దుగూకే వేళ మళ్లీ గిన్నె అందించాను. ఆమె నాలుక తడుపుకుంది, అంతే. గిన్నెను నా వైపు నెట్టింది. ఆ తర్వాత ఆమె నోటి నుంచి మాట రాలేదు. గిన్నె నెడుతూ అన్న చివరి మాట ఇదే:

"తియ్యగుంది బిడ్డా. నాకు సాలు తియ్, నువ్వు తాగు."