సైదులన్న దిగిన సీటు

మొన్న చిట్యాల దగ్గర పంక్చర్ షాపులో బండి ఆపితే, ఎండకు కాగిన రబ్బరు వాసన గుప్పుమంది. స్టెప్నీ దించుతుంటే మా అమ్మాయి ఆ మాట ఎక్కడిదో ఫోన్‌లో వెతికి చెప్పింది. తొలినాళ్ళ కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదట. ఎక్కడో వేల్స్‌లో స్టెప్నీ అనే వీధిలో దాన్ని తయారుచేసి అమ్మారట. ఆ వీధి పేరే చక్రానికి నిలిచిపోయింది. నాకు మాత్రం ఆ మాట వింటే సైదులన్నే గుర్తొస్తాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో హుజూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో అదనపు డ్రైవరుగా చేరాను. ఎవరైనా సెలవు పెడితేనే నా చేతికి స్టీరింగ్. మిగతా రోజులు సైదులన్న నడిపే బస్సులో పక్కన కూర్చుని పిల్లలను ఎక్కించి, దించేవాణ్ణి. చాయ్ హోటల్లో అందరూ నన్ను స్టెప్నీ అనే పిలిచేవారు. ఇద్దరు పిల్లల తండ్రిని, ఒళ్ళు మండేది. ఏడాది తిరిగేసరికి బండి నడిపే అలవాటు కూడా తప్పింది. ఒకరోజు బస్సు వెనక్కి తీస్తూ గేటుకు గీరేశాను. స్టీరింగ్ పట్టాలంటేనే భయం పట్టుకుంది. ఇక మానేస్తానని సైదులన్నతో చెప్పాను.

ఆయన ఓదార్చలేదు. బస్సు కింద ఉన్న స్టెప్నీని దించి, దాని నిండా ఉన్న పగుళ్ళు చూపించాడు.

"ఒక్కనాడన్న రోడ్డెక్కిందా గిది? పడుండి పడుండే పగిలింది. మిగతా టైర్లతోని మార్చి మార్చి ఎయ్యాలె, తప్పు నాదే," అన్నాడు. దాన్ని మళ్ళీ బిగిస్తూ, "రేపటి సంది నెల రోజులు నువ్వే నడుపు. నేను పక్కన కూసుంట. నెలయినంక మళ్ల నేనెక్కుత," అన్నాడు.

"కరస్పాండెంట్ సారు ఊకుంటడా అన్నా?"

"సారుకు నేను చెప్త. నీకెందుకు ఫికర్?"

పదిహేనేళ్ళుగా ఆ సీటు ఆయనదే. మలుపుల దగ్గర "జర మెల్లగ" అనడం తప్ప ఆ నెలంతా స్టీరింగ్ జోలికి రాలేదు. హోటల్లో ఈసారి ఆయన్ను స్టెప్నీ అన్నారు. నవ్వి చాయ్ తాగాడు. నా భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

నెల నిండాక, బడి నడిపే కరస్పాండెంట్ సారు పిలిచాడు. "మంచిగనే నడుపుతున్నవ్. ఇగ నువ్వే ఉండు. సైదులుకు వయసు మీద పడ్డది," అన్నాడు. ఆ సీటు నెల కోసం ఇచ్చిందని నాకు తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. సరే సార్ అన్నాను. బయటికి వస్తే సైదులన్న వరండాలోనే ఉన్నాడు. అంతా విన్నాడు.

"పిల్లలకు టైమయితాంది, పో," అన్నాడు.

రెండేళ్ళు నా పక్కనే కూర్చుని, పని మానుకున్నాడు. నిరుడు పోయాడు. ఈ రోజు సొంత బండి నడుపుకుంటున్నానంటే ఆయన పుణ్యమే. కానీ ఆ రెండేళ్ళలో, ఒక్కనాడైనా, "అన్నా, నీ సీటు నువ్వు తీసుకో" అనలేకపోయాను. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన అడగలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అడిగే మనిషి కాదని తెలిసే సర్దిచెప్పుకున్నాను.