రికాబులో పట్టని కుక్క

రాజులకు పొద్దుపోకపోతే మా నెత్తి మీదికి వస్తుంది. ఇప్పటి రాజుగారి తాతకు జింకల వేట పిచ్చి, తండ్రికి డేగల పిచ్చి, ఈయనకు మళ్లీ జింకలే. ఎప్పుడో వచ్చి నాలుగు రోజులు వేటాడి వెళ్లిపోతారు. ఆ నాలుగు రోజుల సరదా కోసం అడవి అంచున ఉన్న మా ఇళ్లలో పెద్ద కుక్క అన్నదానికల్లా ముందుకాలి గోళ్లు మూడు నరికేస్తారు. అది జింకను తరమకూడదట. అధికారి చూపించే ఇనప రికాబులోంచి, అదే గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే కడియంలోంచి, దూరగలిగిన కుక్కను మాత్రం చిన్నదని వదిలేస్తారు.

మా పొరుగింటి ఆల్డిత్ పందులు మేపుకునే మనిషి. మొగుడు పోయి పదకొండేళ్లయింది. మిగిలినవి ఆరు పందులు, గ్రిమ్ అనే కుక్క. ఓక్ కాయలు రాలే రోజుల్లో పందుల్ని అడవిలోకి తోలాలి, అక్కడ తోడేళ్లుంటాయి. గ్రిమ్ ఉంటేనే పందులు, పందులుంటేనే చలికాలంలో ఆల్డిత్‌కు తిండి. అందుకే పది రోజుల్లో తనిఖీ వస్తోందని తెలియగానే దానికి తిండి తగ్గించేసింది.

"బక్కచిక్కితే దూరిపోద్ది కదక్కా" అంది నాతో.

"దాని మొహం చూడవే. రెండ్రోజుల్లో చచ్చేట్టుంది."

"కాలు పోయేకంటే పస్తులే నయం."

నాకూ అది తెలివైన ఆలోచనగానే తోచింది. కుక్క చూస్తుండగా తినబుద్ధి కాక ఆ పది రోజులూ ఆల్డిత్ కూడా సగం రొట్టెతోనే సరిపెట్టుకుంది.

తనిఖీ రోజున అడవి అధికారి ఫుల్క్ రికాబు పట్టుకుని నిలబడ్డాడు. గ్రిమ్ తల దూరింది, మెడ దూరింది. భుజాల దగ్గర ఆగిపోయింది. ఆల్డిత్ వెనక నుంచి నెట్టింది. అయినా కదల్లేదు.

ఫుల్క్ నవ్వాడు. "పస్తులు పెట్టావా ఏంటే? కండ కరుగుద్దిగానీ ఎముక కరుగుద్దా?"

"దొరా, ఇది జింక జోలికి పోదు. తోడేళ్ల కోసం పెంచుకున్నా."

"అందరూ అదే చెప్తారు. కాలు మొద్దు మీద పెట్టు."

ఉలి, సుత్తి, ఒక్క దెబ్బ. ఆ అరుపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. పది రోజులు కడుపు మాడ్చుకున్న కుక్కకు చివరికి దక్కింది ఇదీ.

మూడు వారాలకు రాజుగారి వేట వచ్చింది. ఆయన వేటకుక్కలకు గోళ్లన్నీ ఉన్నాయి. అవి జింక జాడ వదిలేసి ఓక్ చెట్ల కింద మేస్తున్న మా పందుల మీద పడ్డాయి. ఆల్డిత్ చూలు పందిని గొంతు పట్టి లాగేశాయి. గ్రిమ్ కుంటుతూనే పరుగెత్తింది, సగం దూరంలో బోర్లా పడింది. మళ్లీ లేచేసరికి అంతా అయిపోయింది.

ఆ వేటకుక్కల్ని చూసుకునే దొర గుర్రం మీద వచ్చాడు. క్షమాపణ మాట దేవుడెరుగు, కసిరాడు.

"పందుల్ని ఇట్టా గాలికొదిలేస్తే ఎట్టాగే? కాపలా కుక్క లేదా నీకు?"

నేను తల దించుకున్నాను, సిగ్గు లేకుండా. ఆల్డిత్ దించుకోలేదు. గ్రిమ్‌ను రెండు చేతులా ఎత్తుకుని గుర్రం దగ్గరికి నడిచింది. ఆ మొండి కాలు అతని మొహానికి ఎదురుగా పట్టింది.

"ఉంది దొరా. మూడు గోళ్లు మీవాళ్ల దగ్గరున్నాయి. అవి తెచ్చియ్యండి, కాపలా కాస్తది."

అతను గుర్రం తిప్పుకుని వెళ్లాడు. కాసేపటికి అడవిలో కొమ్ము ఊదారు. రాజుగారికి జింక దొరికిందట.