నాలుగు గంటల నాడి

మా అమ్మ మీద ఒట్టు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నా చేత్తో నేను పట్టుకున్నది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

అప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరం. రాజాం వైపు ఒక ఆసుపత్రిలో పోస్టింగు వేశారు. రాత్రి డ్యూటీలో రెండు గంటలకోసారి ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి నాడి, జ్వరం, బీపీ చూసి చార్టులో రాయాలి. పొద్దున్న వార్డు సిస్టరు మా కేస్ బుక్కులో సంతకం పెడుతుంది. అది లేకపోతే పోస్టింగు మళ్లీ మొదటికొస్తుంది.

మాకో దొంగతెలివి ఉండేది. సీనియర్లు నేర్పిందే. పేషెంటు నిలకడగా ఉంటే పన్నెండు, రెండు, నాలుగు... మూడు గడులూ పదింటికే నింపేసి ఓ కునుకు తీయడం.

తొమ్మిదో మంచం మీద ఒక మామ్మ. మంచినీళ్లు కావాలంటే స్పూనుతో మంచం ఊచ మీద కొట్టేది. పదింటికి నేను నాడి చూస్తుంటే నవ్వింది.

"ఏటమ్మీ, ఇంకా కొట్టుకుంతన్నాదేటి?"

"నాకంటే బాగా కొట్టుకుంతన్నాది మామ్మా."

"మల్లీ ఎప్పుడొస్తావు?"

"పన్నెండుకి వస్తాను. తొంగో."

వెళ్లలేదు. మూడు గడుల్లోనూ డెబ్బై ఎనిమిది రాసి, బల్ల మీద తల వాల్చేశాను.

టంగ్...

కళ్లు తెరిచాను. ఫ్యాను కిర్రుమంటోంది... అంతే.

టంగ్... టంగ్...

స్పూను చప్పుడే. గడియారం చూశాను. మూడూ నలభై. గుండె దడదడలాడింది. పన్నెండుకి వస్తానన్నాను కదా... పాపం ఎంతసేపటినుంచి పిలుస్తోందో!

పరుగున వెళ్లాను. మామ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. తలుపు వైపు చూస్తోంది. స్పూను నేల మీద పడి ఉంది.

"మామ్మా... వచ్చాను."

పలకలేదు. మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. కానీ... కొట్టుకుంటోంది. మెల్లగా... నిలకడగా... వాచీ చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాను.

డెబ్బై ఎనిమిది.

హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను రాసింది తప్పు కాలేదని సంతోషించాను.

వెనక టార్చి వెలుగు. సిస్టరు.

"ఓసే, ఏటి సేస్తన్నావు?"

"నాడి చూస్తన్నాను సిస్టర్. డెబ్బై ఎనిమిది."

ఆవిడ మామ్మ మెడ మీద చెయ్యి వేసింది. దవడ కదిపి చూసింది. కదల్లేదు.

"బిగుసుకుపోనాది. ఎప్పుడో పోనాదే ఈవిడ!"

తర్వాత చార్టు తీసింది. నాలుగు గంటల గడి మీద వేలు పెట్టింది.

"ఇంకా నాలుగు కానేలేదు కదే..."

 పొద్దున్న నా కేస్ బుక్కులో సంతకం మాత్రం పెట్టలేదు.

తెల్లవారాక మామ్మ కూతురు వరండాలోంచి లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది. "రేతిరి నువ్వే సూసినావంట కదమ్మా... మాయమ్మ ఏటైనా అన్నాదేటి?"

"లేదమ్మా," అన్నాను. మళ్లీ ఎప్పుడొస్తావని అడిగిందని చెప్పలేకపోయాను.

మొదటి సంవత్సరంలోనే చెబుతారు... నాడి బొటనవేలితో చూడకూడదు, ఆ వేలిలో మన నాడే మనకు తగులుతుందని. ఆ రాత్రి ఏ వేలు పెట్టానో నాకు గుర్తులేదు. బొటనవేలే అయ్యుంటుందని సర్దిచెప్పుకుంటాను.

కానీ పరుగెత్తి వచ్చాను... భయంతో వణికిపోతున్నాను. అప్పుడు నా నాడి వంద దాటి ఉండాలి కదా, డెబ్బై ఎనిమిది ఎలా ఉంటుంది?