ఆరని ఎర్రదీపం

సూరత్ ఉధ్నాలో ఆ సాంచెల (మరమగ్గాల) షెడ్డు మూతపడ్డాక లోపల మిగిలింది ఇద్దరే: యజమాని సేట్ తండ్రి వాడిన పాత ఫియట్ కారు, దాన్ని బాగుచేస్తున్న పరుశురాం. సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే మరమగ్గాలు బిగించాడు. అవి తుక్కుకు పోయిన రోజు సేట్ అన్నాడు: "కారు నడిపించు మాస్టర్. నడిస్తే నిన్ను కార్ల పనికే ఉంచుకుంటా." యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకెవరు పనిస్తారు?

పరుశురాం దాచింది ఒక్కటే. అతనికి చెవులు వినిపించవు. నలభై సాంచెల మోతలో పన్నెండు గంటలు నిలబడేవాళ్లు వేస్టు దారం ఉండ చేసి చెవుల్లో కుక్కుకుంటారు. ఆ షెడ్డులో అంతకు మించిన రక్షణ ఏనాడూ లేదు. మోతకు పోయిన చెవికి పరిహారం ఇవ్వాలని చట్టం ఉంది. ఆ సంగతి అతనికి వినిపించే రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ఉన్న భార్య కొమురవ్వ ఫోన్ చేస్తే కొన్నాళ్లు "ఆఁ, మంచిదే" అని పెట్టేసేవాడు. తర్వాత ఎత్తడమే మానేశాడు.

ఆదివారం ఇంజన్ బిగించడం పూర్తయింది. తాళం తిప్పగానే స్టార్టయింది. అరచేతికి దడ తెలిసింది. ఆయిల్ అందడం లేదని చెప్పే ఎర్రదీపం మాత్రం ఆరలేదు. దీపం స్విచ్చి పాడైందనుకుని, ఇంజన్ ఆపకుండానే వైర్లు వెతుకుతూ కూర్చున్నాడు. పది నిమిషాలకు సేట్ డ్రైవర్ రాజమౌళి గేటు దగ్గర్నుంచి ఉరికొచ్చి తాళం తిప్పేశాడు.

"ఏందే మాస్టరు, నిద్రవోయినవా? లోపట సుత్తెతోని కొట్టినట్టయితుంటే!"

పరుశురాం అతని పెదాలు చూసి జవాబిచ్చాడు. "కొత్తగ బిగించింది గదా. జర నడిస్తే సెట్టయితది."

"ఏం సెట్టయితది? సడక్ మీద చాయ్ తాగేటోళ్లు గూడ లేచి జూసిండ్రు!"

తర్వాత రెండు రోజులు ఒక్కడే వెతికాడు. ఆయిల్ కొలత సరిగ్గానే ఉంది. కొత్త స్విచ్చి పెట్టినా దీపం ఆరలేదు. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ విప్పాడు. ఆయిల్ వడకట్టే జాలీ శుభ్రంగా ఉంది. పంపును ఆయిల్‌లో ముంచి చేత్తో తిప్పితే బాగానే చిమ్మింది. అంటే పంపు తోస్తోంది, ఆయిల్ పైకి ఎక్కడం లేదు. పంపు నుంచి ఇంజన్‌లోకి పోయే రంధ్రంలో కొక్కెం వంచిన తీగ పెట్టి లాగాడు. గులాబీ రంగు దారపు ఉండ వచ్చింది.

అది పెట్టింది తనే. ఇంజన్ విప్పిన రోజు, దుమ్ము పడకుండా ప్రతి రంధ్రంలో వేస్టు దారం కుక్కాడు. ముప్పై ఏళ్ల చేతి అలవాటు. అన్నీ తీసి ఇదొక్కటి మరిచాడు. ఆయిల్ అందక బేరింగులు గీసుకుపోయాయి.

"పంపు పాతదని జెప్పు," అన్నాడు రాజమౌళి. "సేట్‌కేం ఎర్క?"

పరుశురాం సేట్ ముందు అరచేయి చాపి ఆ ఉండ చూపించి, జరిగింది చెప్పాడు.

"సరే, మరిచిపోయావు," అన్నాడు సేట్. "కానీ అంత మోత వస్తుంటే పది నిమిషాలు ఎందుకు ఆపలేదు?"

పంపు మీదికి నెట్టినా ఈ ప్రశ్న తప్పేది కాదు.

"నాకు వినిపించదు సేట్," హిందీలో చెప్పాడు పరుశురాం. "మీ షెడ్డులోనే పోయింది."

సేట్ చూపు కారు మీదికి మళ్లింది. "బేరింగులు మార్చి బండి అప్పజెప్పు. తర్వాత ఊరికి పోయి ఆరామ్ చెయ్." మనిషిని తీసేసేటప్పుడు సేట్లకు గుర్తొచ్చే మాట అది, ఆరామ్.

మరుసటి వారం తాళం తిప్పిన రెండు క్షణాల్లోనే ఎర్రదీపం ఆరింది. చప్పుడు బాగుందని రాజమౌళి చేయి ఊపాడు. పరుశురాం అరచేయి ఇంజన్ మీదే ఉంచి, రెండో చేత్తో ఫోన్ కలిపి అతనికిచ్చాడు.

"మా ఇంటామె. నాకు చెవులు పోయినయని జెప్పు. ఫోన్ ఎత్తనిది కోపంతోని గాదని జెప్పు."

రాజమౌళి చెప్పాడు. తర్వాత అవతలి మాటలు వింటూ ఉండిపోయాడు. చాలాసేపు అతని పెదాలు కదలలేదు. పరుశురాం వాటినే చూస్తూ నిలబడ్డాడు.